డిగ్రీ మొదటి సంవత్సరం ఫిజిక్స్ ల్యాబ్‌లోకి కంప్యూటర్ తేవాలా? తెస్తే ఏ ప్రయోగానికి?

అమ్మా, ముందుగా మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో చెప్తాను. మీరు చిత్తూరు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరి 2 ఏళ్ళయింది. కంప్యూటర్ సైన్స్ వాళ్ళు కొత్త సిస్టమ్‌లు తెచ్చుకుని పాతవి 8 మీ ల్యాబ్‌కి ఇచ్చారు. పై ఖర్చులకు మేనేజ్‌మెంట్ 40 వేలు ఇస్తానంది. మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్ మొత్తం వాటిమీదే చేయించమని ఒకరు అంటున్నారు. నెట్‌లో వర్చువల్ ల్యాబ్ చూపిస్తే చాలు, ఏమీ కొనక్కర్లేదని ఇంకొకరు అంటున్నారు. గ్రాఫ్ దానంతటదే వచ్చేస్తే పిల్లలు ఇంకా బద్ధకస్తులవుతారేమో అని మీ భయం.

నేను తిరుపతిలో 27 ఏళ్ళు డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. అందులో సగం కాలం సెన్సర్లు, కంప్యూటర్లు పెట్టి ల్యాబ్ నడిపాను. నా మాట ఇది. కంప్యూటర్ తప్పకుండా తెండి, కానీ 4 లేదా 5 ప్రయోగాలకే తెండి. ఒక వస్తువు కదులుతుండగానే దాని గ్రాఫ్ పక్కన గీసుకుంటూ పోతే పిల్లల ఆలోచన మారే ప్రయోగాలు కొన్ని ఉన్నాయి. కంప్యూటర్ అసలు పని అక్కడే. రీడింగులు తొందరగా రావడం కోసమే అయితే దాన్ని తీసి పక్కన పెట్టండి, మీ పాత స్టాప్‌వాచ్ చాలు.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. అమెరికాలో 1980ల నుంచే సెన్సర్‌ని కంప్యూటర్‌కి కలిపి ల్యాబ్ చేయించే పద్ధతి మీద గట్టిగా పని జరిగింది. హెదర్ బ్రసెల్ అనే పరిశోధకురాలు 1987లో హైస్కూల్ పిల్లలతో ఒక చక్కని పరీక్ష చేసింది. కొందరికి కదలిక జరుగుతుండగానే గ్రాఫ్ చూపించింది. ఇంకొందరికి అదే గ్రాఫ్‌ను కదలిక అయిపోయాక కొద్దిసేపు ఆగి చూపించింది. ఆలస్యం 20, 30 సెకన్లే. ఆ కాస్త ఆలస్యానికే నేర్చుకోవడంలో వచ్చిన లాభం చాలావరకు పోయింది. తర్వాత 1990లో రొనాల్డ్ థార్న్‌టన్, డేవిడ్ సోకొలాఫ్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు కాలేజీ మొదటి సంవత్సరం విద్యార్థుల మీద ఇదే పద్ధతి ఫలితాలు ప్రచురించారు. మామూలు లెక్చర్లు వినీ వేగం, త్వరణం గ్రాఫ్‌లు చదవలేకపోయిన పిల్లలు ఈ ల్యాబ్ తర్వాత బాగా చదవగలిగారు. అయితే ఆ ల్యాబ్‌లలో సెన్సర్ ఒక్కటే లేదు. పిల్లలు ముందు ఏమవుతుందో ఊహించి కాగితం మీద గీయాలి, పక్కవాళ్ళతో వాదించుకోవాలి, ఆ తర్వాతే బటన్ నొక్కాలి. మనవాళ్ళు సెన్సర్ కొంటారు, ఈ ఊహించే భాగం వదిలేస్తారు. నేనూ మొదట అదే చేశాను.

అప్పుడు నేను పనిచేస్తున్న కాలేజీలో ఒకే ఒక్క కిట్ కొన్నారు. ప్రొజెక్టర్ పెట్టి, 60 మంది ముందు నేనే అటూ ఇటూ నడిచి గ్రాఫ్ చూపించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీశారు. నాకూ చాలా సంతోషమేసింది. సెమిస్టర్ చివర్లో ఒక చిన్న ప్రశ్న ఇచ్చాను: బంతిని నిట్టనిలువుగా పైకి విసిరితే, అత్యంత ఎత్తులో ఉన్న క్షణంలో దాని త్వరణం ఎంత? ఎక్కువమంది సున్నా అని రాశారు. నిజానికి అక్కడ కూడా గురుత్వ త్వరణమే ఉంటుంది. ఆ పేపర్లు ఇంటికి తెచ్చుకుని రాత్రి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. వాళ్ళు చూసింది నా కదలిక, నా గ్రాఫ్. వాళ్ళ చేయి, వాళ్ళ కాలు, వాళ్ళ ఊహ అందులో లేవు. మరుసటి ఏడాది నుంచి నలుగురికి ఒక సెన్సర్ లెక్కన పెట్టి మొత్తం మార్చాను. ఆ పద్ధతే మీకు వివరంగా రాస్తున్నాను.

మొదటి ల్యాబ్‌లో నడిపించండి. అల్ట్రాసోనిక్ సెన్సర్ ఒకటి కావాలి. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే రకం వంద రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. అది 40 కిలోహెర్ట్జ్ ధ్వనిని పంపి, తగిలి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం చెప్తుంది. దాన్ని ఆర్డ్యూనో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకి గానీ, కొలతలు తీసే ఎక్స్‌పైస్ అనే పెట్టెకి గానీ కలిపితే కంప్యూటర్ మీద గ్రాఫ్ వస్తుంది. ఎక్స్‌పైస్ మన దేశంలోనే, ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో రూపొందింది. కొన్ని వేలలో వస్తుంది, సాఫ్ట్‌వేర్ ఉచితం, పాత సిస్టమ్‌లమీద కూడా నడుస్తుంది.

సెన్సర్‌ను స్టూలు మీద నడుము ఎత్తులో పెట్టండి. నేల మీద సుద్దతో అర మీటరుకొక గీత గీయండి. నడిచేవాళ్ళు పరీక్షలకు తెచ్చుకునే అట్టను ఛాతీకి ఆనించి పట్టుకోవాలి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ చాలా ముఖ్యం. చున్నీ, వదులు చొక్కా ధ్వనిని మింగేస్తాయి, గ్రాఫ్ పిచ్చిపిచ్చిగా ఎగురుతుంది. నడిచే దారికి ఇరువైపులా ఇనుప స్టూళ్ళు లేకుండా జరపండి. సెన్సర్ పంపే ధ్వని సన్నగా పోదు, విచ్చుకుంటుంది. పిల్లవాడు వెనక్కి పోతున్నా సెన్సర్ పక్కనున్న స్టూలునే చూస్తూ అడ్డగీత గీస్తుంటుంది.

ఇప్పుడు బోర్డు మీద ఇలా రాయండి: "2 మీటర్ల దగ్గర 3 సెకన్లు కదలకుండా నిలబడు. మెల్లగా సెన్సర్ వైపు నడువు. 2 సెకన్లు ఆగు. త్వరగా వెనక్కి వెళ్ళు." దీనికి దూరం-కాలం గ్రాఫ్ ఎలా ఉంటుందో ఒక్కొక్కరూ పెన్సిల్‌తో గీయాలి. 3 నిమిషాలు ఇవ్వండి, మధ్యలో మీరు నోరు విప్పకండి. మీకు కనిపించేది ఇది: చాలామంది సెన్సర్ వైపు నడిచే భాగంలో గీతను పైకి గీస్తారు. అడిగితే "నడిచినాము కదా మేడం, దూరం పెరగాల కదా" అంటారు. వాళ్ళు లెక్కపెడుతున్నది నడిచిన మొత్తం దూరాన్ని. మనం అడుగుతున్నది సెన్సర్ నుంచి ఎంత దూరంలో ఉన్నావని. ఇంకొందరు ఆగిన చోట గీతను సున్నాకి దించేస్తారు. "ఆగినాక ఏముంటుంది సార్, సున్నానే కదా" అని ఒక అబ్బాయి నాతో గట్టిగా వాదించాడు. వాడు సెన్సర్ ముందు నిలబడ్డాడు. గీత 2 దగ్గర కదలకుండా సాగుతూ పోయింది. వాడు ఒక్క అడుగు ముందుకేస్తే గీత కిందికి వంగింది. వెనక్కేస్తే పైకి లేచింది. నేను ఏమీ చెప్పలేదు. 5 నిమిషాలు వాడొక్కడే ముందుకీ వెనక్కీ కదులుతూ ఆ గీతతో మాట్లాడుకుంటున్నట్టు నిలబడిపోయాడు. ఆ 5 నిమిషాల కోసమే ఈ ఏర్పాటంతా.

తర్వాత అదే నడకకు వేగం-కాలం గ్రాఫ్. ఇక్కడ మన భాషకు సంబంధించిన చిక్కు ఒకటుంది. తెలుగు మీడియం పుస్తకంలో స్పీడ్‌కి వడి, వెలాసిటీకి వేగం అని రెండు మాటలున్నాయి. ఇంట్లో, బస్సులో మాత్రం అంతా వేగమే, లేదా స్పీడే. వేగం మైనస్‌లో ఉండటం అంటే వాళ్ళ చెవికి అర్థం లేని మాట. సెన్సర్ వైపు నడిచినప్పుడు గీత సున్నాకి కిందికి దిగడం చూస్తేనే వడి వేరు, వేగం వేరు అని తెలుస్తుంది. అప్పుడు ఆ రెండు మాటలూ బోర్డు మీద పక్కపక్కన రాయండి. చర్చ మొత్తం తెలుగులోనే సాగనివ్వండి. ఇంగ్లీషులో చెప్పమంటే సగంమంది నోరు మూసుకుంటారు, వాళ్ళ మనసులో ఉన్న తప్పు మనకు తెలియకుండానే పోతుంది.

రెండో ల్యాబ్ వాలుబల్ల. మీటరున్నర చెక్క, బాల్ బేరింగ్ చక్రాలున్న చిన్న బండి. బండి వెనక అట్టముక్క నిలబెట్టండి, సెన్సర్‌ను కింది చివర పెట్టండి. బండి ఎప్పుడూ సెన్సర్‌కి జానెడు దూరంలోనే ఆగేలా అడ్డం ఒకటి ఉండాలి, మరీ దగ్గరికొస్తే సెన్సర్ సరిగ్గా చదవదు. బండిని పైకి ఒక్కసారి నెట్టి వదిలితే అది పైకి వెళ్ళి, ఆగి, కిందికి వస్తుంది. పైన ఆగిన చోట త్వరణం ఎంతో ముందే రాయించండి. మళ్ళీ సున్నాలే వస్తాయి, కంగారు పడకండి. వేగం గ్రాఫ్ చూస్తే పైనుంచి కిందికి ఒకే గీతగా, సున్నాను దాటుకుంటూ పోతుంది. సున్నా దగ్గర గీత ఆగదు, అడ్డంగా పడుకోదు. "ఇక్కడ గీత వాలు ఎంత? దానికి ముందు ఎంత?" అని అడిగితే చాలు.

ఇంకో విషయం కూడా బయటపడుతుంది. బాగా గమనించే పిల్లలు బండి పైకి వెళ్ళేటప్పటి వేగం గీత వాలు, కిందికి వచ్చేటప్పటి వాలు కంటే కాస్త ఎక్కువుందని పట్టుకుంటారు. అది పొరపాటు కాదు. పైకి వెళ్ళేటప్పుడు ఘర్షణ గురుత్వంతో కలిసి లాగుతుంది, కిందికి వచ్చేటప్పుడు దానికి ఎదురు లాగుతుంది. ఖరీదైన ట్రాక్ కొనుంటే ఈ తేడా దాదాపు కనిపించేది కాదు. మన చెక్కబల్ల ఇంకో పాఠం కలిపి ఇస్తుంది.

ఇక్కడ మీరు జాగ్రత్త పడాల్సిన లెక్క ఒకటుంది. ఈ చవక సెన్సర్ దూరాన్ని సుమారు 3 మిల్లీమీటర్ల తేడాతో చెప్తుంది. సెకనుకు 20 రీడింగులు తీస్తే, పక్కపక్క రీడింగుల నుంచి వేగం లెక్కించినప్పుడు ఆ 3 మిల్లీమీటర్లు సెకనుకు 6 సెంటీమీటర్ల తప్పు అవుతాయి. దాన్నుంచి త్వరణం తీస్తే మళ్ళీ 20 రెట్లు, అంటే 1.2 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్. వాలుబల్ల మీద మీరు కొలవాలనుకునే త్వరణమే అంతుంటుంది! కాబట్టి త్వరణం గ్రాఫ్‌ను నేరుగా తెర మీద చూపించకండి. వేగం కూడా 5 లేదా 7 రీడింగుల సగటుతో గీయించండి, త్వరణాన్ని వేగం గీత వాలు నుంచి పిల్లల చేతే లెక్క కట్టించండి. చాలా కాలేజీల్లో మొదటిరోజే త్వరణం గ్రాఫ్ పెట్టి, అది రంపపు పళ్ళలా రావడం చూసి, "సెన్సర్ పనిచేయదు" అని బీరువాలో పెట్టేస్తారు.

మన ఎండల సంగతి కూడా చూడండి. నెట్‌లో దొరికే ప్రోగ్రాముల్లో ధ్వని వేగం 343 మీటర్లు అని ఉంటుంది. అది 20 డిగ్రీల గాలికి. మన ల్యాబ్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలుంటే ధ్వని వేగం సుమారు 355 అవుతుంది. అంటే దూరాల్లో మూడున్నర శాతం తేడా. నేను దీన్ని ముందే సరిచేయకుండా వదిలేసేవాణ్ణి. మీటరు స్కేలుతో పెట్టిన 1 మీటరును సెన్సర్ 96 లేదా 97 సెంటీమీటర్లని చూపిస్తే, ఎందుకో కనిపెట్టమనేవాణ్ణి. ఒక బ్యాచ్‌లో ఒక అమ్మాయి థర్మామీటర్ తెచ్చి లెక్క కట్టి చెప్పింది. యంత్రం చెప్పింది కాబట్టి నిజమనే నమ్మకం పోవాలంటే ఇలాంటివి ఒకటి రెండు పిల్లల చేతికి చిక్కాలి.

మూడోది కెపాసిటర్ డిశ్చార్జి. ముందు చేత్తో చేయించండి: 1000 మైక్రోఫారడ్, 22 కిలోఓమ్, వోల్ట్‌మీటర్, స్టాప్‌వాచ్. టైమ్ కాన్‌స్టంట్, అంటే వోల్టేజి సుమారు 37 శాతానికి పడిపోయే సమయం, 22 సెకన్లు, రీడింగులు తీరిగ్గా తీయొచ్చు. గ్రాఫ్ కాగితం మీద వక్రం గీయాలి. తర్వాత అదే రోజు 1 మైక్రోఫారడ్, 1 కిలోఓమ్ పెట్టి కంప్యూటర్‌తో చూపండి. ఇప్పుడు టైమ్ కాన్‌స్టంట్ 1 మిల్లీసెకను, మనిషి చేయి అందుకోలేని వేగం. కానీ వక్రం అచ్చం అదే ఆకారం. ఇందులో వరస తిప్పకండి, చేయి ముందు, యంత్రం తర్వాత.

నాలుగోది గురుత్వ త్వరణం. దీనికి సెన్సర్ కూడా అక్కర్లేదు. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో విడుదల చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది. అందులో శబ్దంతో మొదలై శబ్దంతో ఆగే స్టాప్‌వాచ్ ఉంటుంది. 1 మీటరు ఎత్తులో స్కేలు అంచున గోళీ పెట్టి, స్కేలును ఠక్కుమని కొడితే ఒక శబ్దం, గోళీ నేలమీద పళ్ళెంలో పడితే ఇంకో శబ్దం. సుమారు 0.452 సెకన్లు రావాలి. 10 మిల్లీసెకన్ల తేడా వస్తే విలువలో నాలుగున్నర శాతం తేడా వస్తుందని వాళ్ళ చేతే లెక్క కట్టించండి. పైగా మన తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో విలువ 978 సెంటీమీటర్లకు దగ్గర, భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కాబట్టి. రికార్డుల్లో మాత్రం ఏళ్ళ తరబడి అందరికీ సరిగ్గా 980 వస్తుంది. సీనియర్ల రికార్డు చూసి రీడింగులు వెనకనుంచి అల్లుకునే అలవాటు మీకూ తెలిసే ఉంటుంది. అది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉండేది. ఎవరి ఫోన్‌లో వచ్చిన సంఖ్య వాళ్ళే రాసుకుని, 940 వచ్చినా 1010 వచ్చినా మార్కులు పోవని నేను గట్టిగా చెప్పాకే ఆ అలవాటు తగ్గింది.

అదే యాప్‌తో సెలవురోజు చేసుకునే పని ఇంకొకటుంది. ఫోన్‌లో బారోమీటర్ ఉన్నవాళ్ళు ఒకరిద్దరైనా ఉంటారు. తిరుమల ఘాట్ రోడ్డు బస్సులో కూర్చుని పీడనం రికార్డు చేయమనండి. కొండెక్కేసరికి ఎత్తు సుమారు 700 మీటర్లు పెరుగుతుంది, పీడనం 75 మిల్లీబార్ల దాకా తగ్గుతుంది. ప్రతి మలుపూ గ్రాఫ్‌లో వెతుక్కుంటూ సోమవారం క్లాసుకు వచ్చేవాళ్ళు.

న్యూటన్ మూడో నియమం విషయంలో మాత్రం డబ్బు పారబోయకండి. రెండు బండ్లు ఢీకొట్టించి రెండువైపులా బలం కొలిచే ప్రయోగం అద్భుతంగా ఉంటుంది, కానీ దానికి మంచి ఫోర్స్ సెన్సర్లు కావాలి. మనకు చవగ్గా దొరికే లోడ్‌సెల్ (బలం కొలిచే సెన్సర్), దాని రీడింగు తీసే హెచ్‌ఎక్స్711 బోర్డు సెకనుకు 10, మహా అయితే 80 రీడింగులు తీస్తాయి. ఢీకొట్టడం కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది, అవి పట్టుకోలేవు. బదులుగా రెండు స్ప్రింగ్ త్రాసులు కొక్కేలు తగిలించి, ఒక బలమైన అబ్బాయిని, ఒక సన్నటి అమ్మాయిని లాగమనండి. రెండింట్లో ఒకే సంఖ్య. కంప్యూటర్ అక్కర్లేదు.

వర్చువల్ ల్యాబ్ చాలన్న మీ సహోద్యోగి మాట పూర్తిగా తప్పు కాదు. 2001లో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో ఫెట్ అనే సిమ్యులేషన్ల (తెరమీదే చేసే నమూనా ప్రయోగాల) ప్రాజెక్టు మొదలుపెట్టారు. 2005లో అక్కడ జరిగిన అధ్యయనంలో, నిజమైన బల్బులు, తీగలతో చేసిన విద్యార్థుల కంటే ముందు సిమ్యులేషన్‌లో సర్క్యూట్ కట్టినవాళ్ళు ఆ తర్వాత నిజమైన సర్క్యూట్ కట్టడంలోనూ మెరుగ్గా ఉన్నారు. కారణం ఊహించొచ్చు. తీగలో కరెంటు కంటికి కనిపించదు, సిమ్యులేషన్‌లో కనిపిస్తుంది. మొదటి బల్బు కరెంటు తినేస్తే రెండోదానికి తక్కువ మిగులుతుందనే భావన మన పిల్లల్లో చాలా బలంగా ఉంటుంది, అది అక్కడ వదులుతుంది. కాబట్టి సర్క్యూట్లకు ముందు 20 నిమిషాలు ఫెట్, వెంటనే నిజమైన తీగలు. కదలిక, ఉష్ణం, ధ్వని విషయాల్లో మాత్రం చేతికి తగిలే వస్తువే ఉండాలి. సిమ్యులేషన్‌లో ఇనుప స్టూలు అడ్డురాదు, 40 డిగ్రీల ఎండ ఉండదు.

వెర్నియర్, స్క్రూగేజి, ట్రావెలింగ్ మైక్రోస్కోప్, స్పెక్ట్రోమీటర్ జోలికి పోకండి. వాటిలో నేర్చుకునేది చేతి నేర్పు, కంటి ఓపిక. కావాలంటే లీస్ట్ కౌంట్ (పరికరం కొలవగలిగే అతిచిన్న విలువ) పాఠానికి ఒక వంతెన వేయండి: ఆర్డ్యూనో 5 వోల్టులను 1024 భాగాలు చేస్తుంది, దాని లీస్ట్ కౌంట్ సుమారు 4.9 మిల్లీవోల్టులు. యంత్రానికీ స్కేలు గీతలుంటాయని అప్పుడు తెలుస్తుంది.

డబ్బు సంగతి. 8 సిస్టమ్‌లలో 5 మంచివి ఏరుకోండి, వాటిలో లినక్స్ వేయించండి. ఎక్స్‌పైస్ 3, ఆర్డ్యూనో 5, అల్ట్రాసోనిక్ సెన్సర్లు 10 తీసుకోండి. సెన్సర్లు పోతాయి, తీగ తప్పు పెడితే కాలిపోతాయి, అందుకే రెట్టింపు. బండ్లు, చెక్కలు మీ ఊరి వడ్రంగి దగ్గరే చేయించండి. మిగిలిన డబ్బుతో ఒక యూపీఎస్. మధ్యాహ్నం కరెంటు పోయి బ్యాచ్ మొత్తం పని పోయిన రోజు పిల్లల ముఖాలు చూడలేం.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒప్పుకుంటారా అన్నది మీ చివరి ప్రశ్న. రికార్డు మామూలుగానే రాయించండి: ఉద్దేశం, సూత్రం, పట్టిక, గ్రాఫ్. ప్రింటవుట్ అతికించనివ్వకండి. గ్రాఫ్ పేజీలో పెన్సిల్‌తో ముందు ఊహించిన గీత, దానిమీద పెన్నుతో వచ్చిన గీత, కింద 2 వాక్యాలు: ఎక్కడ తేడా వచ్చింది, ఎందుకు. ఊహ తప్పయినందుకు మార్కు తీయొద్దు, రాయనందుకు తీయండి. నా దగ్గరికి వచ్చిన ఎగ్జామినర్లలో ఇద్దరు ముగ్గురు మొదట ముఖం చిట్లించారు. వైవాలో "ఈ పెన్సిల్ గీత ఏంటమ్మా?" అని అడిగితే పిల్లలు తమ తప్పును తామే వివరించడం విన్నాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

వీలైతే ఏడాదిలో ఒకసారి అనుమతి తీసుకుని తిరుపతి దగ్గరి గాదంకిలోని నేషనల్ అట్మాస్ఫియరిక్ రీసెర్చ్ లాబొరేటరీకి పిల్లల్ని తీసుకెళ్ళండి. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను ఆకాశంలోకి పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వని నుంచి పైన గాలి ఎలా కదులుతోందో చెప్తుంది. మన వంద రూపాయల సెన్సర్ చేసే పనికి పెద్దన్న అది. అట్ట పట్టుకుని నడిచిన పిల్లలు ఆ యాంటెన్నాల వరసల ముందు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

సెమిస్టర్ మొదలవకముందే ఒక శనివారం మధ్యాహ్నం ల్యాబ్ తలుపులేసుకుని, అట్ట పట్టుకుని మీరే గంటసేపు నడవండి. ముందు కాగితం మీద మీ ఊహ గీసుకుని నడవండి. ఎక్కడ మీ గీత, తెరమీది గీత విడిపోయాయో రాసి ఇక్కడ పెడితే, మొదటి క్లాసుకు ఏ నడకలు ఇవ్వాలో కలిసి చూద్దాం.